తీశానన్న మాట

"ఎవరు? ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

మాస్టారి కేకకు పిట్టగోడ మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి.

మాస్టారి శిష్యుడు బోల్టు చేతిలోని స్క్రూడ్రైవర్ జారి పాదం మీద పడింది. నొప్పి తెలియలేదు. అతని కళ్ళు టెలిస్కోప్ మూతికి తగిలించిన ఫిల్టర్ మీదే ఉన్నాయి. నిన్న సాయంత్రం అద్దంలా మెరిసిన వెండి రేకు ఇవాళ పెచ్చులూడిన గోడలా ఉంది. నడిమధ్యన అరచేయంత మేర పూత లేచిపోయి, అటువైపున్నది ఇటు కనబడుతోంది.

సంపూర్ణ గ్రహణానికి సరిగ్గా గంటా ఇరవై నిమిషాలుంది.

సూర్యుడు పూర్తిగా మూసుకుపోయే ఆ రెండు మూడు నిమిషాలు తప్ప, మిగతా వేళంతా టెలిస్కోప్‌కి ఆ రేకు ఉండి తీరాలి. అది లేకుండా సూర్యుడి వైపు తిప్పితే కెమెరా మాడి మసైపోతుంది. తిప్పకపోతే గురి కుదరదు, ఫోకస్ కుదరదు. ఫోకస్ కుదరని ఫొటో తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే.

"అడుగుతున్నాను కదా, ఎవరని!"

"నేనే," అంది అత్తయ్య, బట్టలు ఆరేసే తీగ దగ్గర్నుంచి.

ఆవిడ మాస్టారికి అక్క. ఆ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అత్తయ్య.

"నువ్వా?"

"నేనే. దుమ్ము పట్టి ఉంటే సబ్బుగుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఏం, ఉరితీస్తావా?"

"అక్కయ్యా! అది తుడిచేది కాదు!"

"తుడవకూడదని దానిమీద రాసి పెట్టావా? సరే, తప్పే. నాదే తప్పు. ముందు ఏం చెయ్యాలో చూడండి, తీరిగ్గా సాయంత్రం తిడుదువుగాని."

బోల్టు తల దించుకున్నాడు. అంత తప్పు ఒప్పుకోవడానికి ఆవిడకు ఒక్క సెకను పట్టింది.

"ఇంకో షీటు లేదురా?" అన్నాడు మాస్టారు. గొంతులో కేక పోయి భయం వచ్చింది.

"లేదు మాస్టారూ. మిగిలిందంతా బడి పిల్లలకు గ్రహణం కళ్ళజోళ్ళు చేసిచ్చేశాం."

మాస్టారు కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా టెలిస్కోప్‌లకు అద్దాలు నూరిన మనిషి. కుడికన్ను పోయి ఏడాదైంది. ఎడమకన్నుకి డాక్టరు ఇచ్చిన గడువు మరో ఏడాది. జీవితంలో ఒక్క సంపూర్ణ గ్రహణం ఫొటో తన చేత్తో తయారైన అద్దంలోంచి తీయాలని ఆయన కోరిక. ఆరేళ్ళ కిందట రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి వెళ్తే ఒక్క బొమ్మ రాలేదు. ఈసారి గ్రహణమే మేడ వెతుక్కుంటూ వచ్చింది. మళ్ళీ ఇటు రావడానికి ఇరవై తొమ్మిదేళ్ళు.

"మన పిల్ల పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఉంటుంది," అంది అత్తయ్య. "వారం రోజులుగా ఆ రేకులే కత్తిరిస్తోందిట. నిన్న ఫోన్లో చెప్పింది."

మాస్టారి కూతురి ఊసు ఆ ఇంట్లో ఎవరూ పైకి ఎత్తరు.

"నేను పిలవను," అన్నాడు మాస్టారు.

"నిన్నెవరు బతిమాలారు? బోల్టు పిలుస్తాడు. ఏం నాయనా, పిలవవూ?"

బోల్టు అప్పటికే మెట్ల మీదున్నాడు.

*

షాపు ముందు జనం. గ్రహణం కళ్ళజోళ్ళ కోసం తోసుకుంటున్నారు. బోల్టు మోచేతులతో దారి చేసుకుని కౌంటర్ దాకా చేరాడు.

"వరసలో రావాలి. ఎన్ని?" అంది మాస్టారి కూతురు తలెత్తకుండా.

"ఒక షీటు. పూర్తి షీటు."

కత్తెర ఆగింది. ఆమె తలెత్తింది. ముందు మనిషిని కొలిచి, ఆ తర్వాత పలకరించే చూపు. ఆరేళ్ళయినా అది మారలేదు.

"లావయ్యావు బోల్టూ."

"నువ్వు కళ్ళజోడు పెట్టావు."

"షాపులో పనిచేస్తూ పెట్టుకోకపోతే బాగోదని. ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

అది సరదాగానే అంది. బోల్టు మాత్రం ఆ మాట దాటేశాడు. గబగబా సంగతి చెప్పాడు.

"ఫిల్టర్ పాడుచేసింది ఎవరు?"

"అత్తయ్యగారు."

"ఒప్పుకుందా?"

"వెంటనే."

"మా వంశంలో ఆ జబ్బుందిలే. చేసిన తప్పు ఒప్పుకుంటాం. చెయ్యనిది కూడా ఒప్పుకుంటాం."

ఆమె బదులు కోసం ఆగలేదు. కింద అర లోంచి చుట్టచుట్టిన షీటు తీసింది, రెండువైపులా అంటుకునే టేపు తీసింది. ఒక్క క్షణం ఆలోచించి సంచి భుజానికి తగిలించుకుంది.

"పద."

"నువ్వొస్తావా?"

"రేకు నీ చేతికిస్తే డప్పులా లాగి బిగిస్తావు. లాగితే బొమ్మ చెడుతుంది, వదులుగా ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను! ... సార్, ఒక గంట సెలవు!" అని లోపల షాపు యజమానికి ఒక కేక పెట్టి బయటికొచ్చేసింది.

స్కూటర్ మీద ఇద్దరి మధ్యా సంచి పెట్టుకుని కూర్చుంది. ఒకప్పుడు ఆ చోట్లో సంచి ఉండేది కాదు.

వీధుల్లో ఎండ పలచబడుతోంది. చెట్ల కింద నీడల్లో, ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగు చుక్కలన్నీ కొరికిన బిస్కెట్ల ఆకారంలో ఉన్నాయి. నడిరోడ్డు మీద ఆగి మెడలు పైకెత్తిన జనం. బోల్టు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు.

సిగ్నల్ దగ్గర ఆమె అడిగింది. "నాన్న చూపు ఎలా ఉంది?"

"ఒక కన్ను పూర్తిగా పోయింది."

"అత్తయ్య చెప్పింది. నువ్వు చెబుతావేమో అని అడిగాను."

పచ్చదీపం వెలిగింది. బోల్టు చూడలేదు. వెనకాల లారీ వాడు అరిస్తే ఉలిక్కిపడి కదిలాడు.

"గడియారం..." అన్నాడు కాసేపటికి. ఆ పేరు అతనొక్కడే పిలిచేవాడు. సెకన్లు లెక్కపెట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

"ఆ పేరుతో పిలవకు."

"ఒక్క మాట వింటావా?"

"మూడు నెలలు విందామనే కూర్చున్నాను బోల్టూ. అద్దె గదిలో. తలుపు చప్పుడైతే నువ్వే అనుకునేదాన్ని. ఆఖరికి పాలవాడొచ్చినా జడ సర్దుకుని తలుపు తీసేదాన్ని. పాపం, వాడు ఏమనుకున్నాడో ఏమో, రోజూ ఒక గరిటె ఎక్కువ పోసేవాడు."

నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

"పదిహేనో తారీఖున వెళ్ళిపోతున్నాను," అంది ఆమె. "వాళ్ళు ఇంకో ఊళ్ళో కొత్త షాపు తెరుస్తున్నారు. నన్నే చూసుకోమన్నారు. చాలా దూరం. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. చెప్పకుండా ఉండటం నీకు అలవాటే కదా."

*

ఆరేళ్ళ కిందటి ఆ రోజు బోల్టుకి ఇప్పటికీ కళ్ళు మూసినా, తెరిచినా కనబడుతుంది.

ముగ్గురికీ మూడు పనులు. టైం చెప్పడం, ఒక్కో ఫొటోకి ఎంతసేపు వెలుగు పడాలో కెమెరాకి తెలిపే ఎక్స్‌పోజర్ నంబర్లు ముందే పెట్టడం ఆమె పని. ఆమె "ఫిల్టర్!" అనగానే దాన్ని తీసి పక్కనున్న పెట్టెలో పెట్టి "తీశాను" అని కేకేయడం బోల్టు పని. ఆ తర్వాత కెమెరా తనంతట తనే ఫొటోలు తీసుకుంటుంది. మాస్టారి పని ఆకాశం చూడటం. "ఆ రెండు నిమిషాలూ స్క్రీన్ చూసినవాడంత దౌర్భాగ్యుడు ఉండడు" అని ఆయన నియమం. ఎవరూ స్క్రీన్ చూడకూడదు.

వారం రోజులు రిహార్సల్ చేశారు. రిహార్సల్లో నిజంగా ఫిల్టర్ తీస్తే నడినెత్తి ఎండకు కెమెరా కాలిపోతుంది. అందుకని బోల్టు ఫిల్టర్‌ని వేళ్ళతో తాకి "తీశాను" అనేవాడు. రోజుకి పదిసార్లు. వారంలో డెబ్భైసార్లు. తాకడం, అనడం. తాకడం, అనడం.

అసలు రోజున ఆమె "ఫిల్టర్!" అంది.

అతను తాకాడు. "తీశాను" అన్నాడు.

చేతికి నేర్పిందే చెయ్యి చేసింది. కళ్ళు మాత్రం ఆమె మీదున్నాయి. ఆ వింత వెలుగులో ఆమె ముఖం వెండిలా ఉంది. గ్రహణం విడవగానే, ఆ సాయంత్రమే, మాస్టారిని పిల్లనిమ్మని అడగాలని ఇద్దరూ ముందురోజు అనుకున్నారు. అడగాల్సిన మాటలు నోట్లోనే తిప్పుకుంటూ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

రెండు నిమిషాల పది సెకన్లు అయ్యాక, ఫిల్టర్ తిరిగి పెట్టడానికి ఆమె పెట్టెలో చెయ్యి పెట్టింది. పెట్టె ఖాళీ. టెలిస్కోప్ వైపు చూసింది. ఫిల్టర్ దాని మూతి మీదే ఉంది. అతని వైపు చూసింది. ఆ చూపులోనే అతనికి విషయం తెలిసింది.

ఫొటోలన్నీ నల్లగా వచ్చాయి. మాస్టారు, "ఎక్స్‌పోజర్ నంబర్లు ఎవరు పెట్టారు?" అన్నాడు. ఆమె మళ్ళీ బోల్టు వైపు చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నేనే నాన్నా. తప్పు నాదే," అంది.

"ఇక జన్మలో నా సామాను ముట్టుకోకు," అన్నాడు మాస్టారు.

చెబితే పిల్లనివ్వరని భయపడ్డాడు బోల్టు. చెప్పకపోతే పిల్లే ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. రేపు చెబుదాం, ఆయన కోపం తగ్గాక చెబుదాం అనుకుంటూనే మాస్టారికి కుడిచెయ్యి అయ్యాడు, తర్వాత కన్నూ అయ్యాడు. అంత నమ్మకం పెరిగాక ఇంక ఆ మాట నాలుక దాటి రాలేదు.

*

మేడ మెట్లెక్కేసరికి ముప్పై రెండు నిమిషాలే ఉంది.

"వచ్చావా," అన్నాడు మాస్టారు గాలిలోకి చూస్తూ.

"వచ్చాను."

"చిక్కిపోయావు."

"మీకు కనబడుతోందా?"

"చిక్కడం కనబడటానికి ఒక కన్ను చాలు."

ఆమె సంచి కింద పెట్టింది. "సామాను ముట్టుకోవచ్చా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది.

"ముట్టుకోకుండా ఎలా అతికిస్తావు," అన్నాడాయన నెమ్మదిగా.

అంతే. వెంటనే ఆమె నేల మీద కూర్చుని పాడైన రేకును అట్ట చట్రం నుంచి ఒలిచేసింది. షీటు పరిచింది. చట్రం చుట్టూ టేపు వేసింది. రేకు మీద చట్రాన్ని వదులుగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఆనించింది. లాగలేదు. అక్కడక్కడా ముడతలు పడ్డాయి, పడనిచ్చింది. దాన్ని ఎండకెత్తి సూదిమొనంత చిల్లయినా ఉందేమోనని అంగుళం అంగుళం వెతికింది. అప్పుడు గానీ టెలిస్కోప్‌కి తగిలించలేదు.

బోల్టు గురి చూసి సూర్యుణ్ణి తెర మధ్యకు తెచ్చాడు. సన్నటి కొడవలిలా ఉన్నాడు సూర్యుడు. ఆ కొడవలి మొన సూదిలా తేలేదాకా ఫోకస్ తిప్పి, కదలకుండా టేపు వేశాడు.

"ఎక్స్‌పోజర్ ఫైలు ఏది?" ఆమె ల్యాప్‌టాప్ ముందుకు జరిగింది. మరుక్షణం బిగుసుకుపోయింది. గొంతు తగ్గించింది. "ఇది నాది, అప్పటిదే."

"టైములు మార్చాను."

"నంబర్లు?"

"అందులో మార్చడానికి తప్పేముంది?"

"కొత్తవి రాయమని నాన్న చెప్పలేదా?"

"చెప్పారు. రాశానన్నాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఇదీ అబద్ధమేనా! బొమ్మలు బాగా వస్తే ఆయన నంబర్లు అడుగుతాడు బోల్టూ. అప్పుడు?"

"మార్చితే ఆయన ఆఖరి గ్రహణం పాడవుతుందేమో. మార్చకపోతే నేను దొరికిపోతాను. రెండోదే నయమనిపించింది."

"దొరికిపోవడం కోసం ఎదురుచూస్తావు గానీ, నోరు విప్పి చెప్పవన్నమాట."

"ఏమిటా గుసగుసలు?" అన్నాడు మాస్టారు. "ఎవరు ఏం చేస్తున్నారో చెప్పండి."

"టైం బోల్టు చెబుతాడు," అంది ఆమె లేచి నిలబడి. "ఫిల్టర్ నేను తీస్తాను."

*

పడమటి నుంచి నీడ వచ్చింది. అది నడిచి రాలేదు, మీద పడింది. గాలి చల్లబడింది. పావురాలు తిరిగొచ్చి పిట్టగోడ మీద ఒదిగి కూర్చున్నాయి. అత్తయ్య నోరు మూసుకుంది, అదే అన్నిటికన్నా పెద్ద వింత.

"పది... తొమ్మిది... ఎనిమిది..."

బోల్టు కళ్ళు చేతి గడియారం మీదే నిలిపాడు. పక్కకు తిప్పలేదు.

"మూడు... రెండు... ఫిల్టర్!"

"తీశాను," అంది ఆమె. తీసి, పెట్టెలో పెట్టలేదు. నేరుగా మాస్టారి రెండు చేతుల్లో పెట్టింది. "పట్టుకోండి నాన్నా. మీ చేతిలోనే ఉంది."

ఆయన దాన్ని తడుముకుని, గుండెకు ఆనించుకుని, తల పైకెత్తాడు.

నల్లటి సూర్యుడు. చుట్టూ గాలిలో జుట్టు విరబోసుకున్నట్టు తెల్లని వెలుగు. కెమెరా టిక్కు టిక్కుమంటూ తన పని తాను చేసుకుపోతోంది.

"కనబడుతోందే," అన్నాడు మాస్టారు. "అంచులే కనబడుతున్నాయి గానీ... కనబడుతోంది."

బోల్టు ఆకాశం చూశాడు. క్రితంసారి ఇది అతను చూడనేలేదు. ఆమెను చూస్తూ ఆకాశాన్ని పోగొట్టుకున్నాడు, తర్వాత ఆమెనూ పోగొట్టుకున్నాడు. ఈసారి ఆమె అడుగు దూరంలో ఉన్నా అటు చూడటానికి అతనికి ధైర్యం చాల్లేదు.

రెండు నిమిషాల యాభై సెకన్లు. అంచున ఒక్క వజ్రం మెరిసింది.

"ఫిల్టర్!"

ఆమె తండ్రి చేతుల్లోంచి దాన్ని తీసుకుని టెలిస్కోప్‌కి తగిలించింది. ఎక్కడో వీధిలో జనం చప్పట్లు కొట్టారు.

*

ల్యాప్‌టాప్ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు మాస్టారు. చేతిలో భూతద్దం. మొదటి ఫొటో. రెండోది. పదోది. అన్నీ వెలిగిపోతున్నాయి. ఆయన పసివాడిలా నవ్వాడు.

"చూశావా అక్కయ్యా! నా అద్దం! నా అద్దంలోంచి వచ్చింది ఇది!"

"సబ్బుతో తుడిచిన చెయ్యి మంచిది మరి," అంది అత్తయ్య.

ఆమె నవ్వుతూనే టేపు, కత్తెర సంచిలో సర్దుకుంటోంది. బోల్టు ఆ చేతులనే చూస్తున్నాడు. సంచి మూత పడితే అయిపోయినట్టే. పదిహేనో తారీఖుకి ఎనిమిది రోజులు.

భూతద్దం ఫొటో మీది నుంచి కిందికి జరిగింది. అక్కడ చిన్న అక్షరాల్లో నంబర్లున్నాయి.

"సెకనులో వెయ్యో వంతు," మాస్టారు పైకి చదివాడు. తర్వాతి ఫొటో. "రెండువందల యాభయ్యో వంతు. అరవయ్యో వంతు." గొంతు నెమ్మదించింది. "పదిహేనో వంతు. పావు..."

ఆ తర్వాతది ఆయన చూడలేదు. కళ్ళు మూసుకుని చెప్పాడు. "ఒక సెకను."

సంచి సర్దుతున్న ఆమె చేతులు ఆగాయి.

"ఈ నంబర్లు నాకు నోటికొచ్చు. ఆరేళ్ళు వీటిలో తప్పు వెతికాను. లెక్క ఎన్నిసార్లు వేసినా సరిగ్గానే వచ్చేది. అయినా పిల్ల ఒప్పుకుంది కదా అని ఊరుకున్నాను." భూతద్దం కింద పెట్టాడు. "బోల్టూ, కొత్తవి రాశానన్నావు."

బోల్టు తల దించుకున్నాడు.

"ఒకేలా పడి ఉంటాయి లెండి నాన్నా," అంది ఆమె చటుక్కున. "ఆ రోజు నేనే ఏదో..."

"నువ్వాగు! ఇదే టెలిస్కోప్. ఇదే కెమెరా. ఇవే నంబర్లు. ఇవాళ వెలుగొచ్చింది, ఆ రోజు చీకటొచ్చింది. అంటే నా కూతురు ఆ రోజు ఏ తప్పూ చెయ్యలేదు." ఆయన ఉన్న ఒక్క కన్నూ నీళ్ళతో నిండింది. "చెయ్యని తప్పుకి దాన్ని ఇల్లు విడిచి వెళ్ళేలా చేశాను. మరి చేసిందెవరు? ఎవరు?"

ఆమె బోల్టు వైపు చూసింది. ఆరేళ్ళ కిందటి చూపే. అప్పుడు అందులో ఆశ ఉండేది. ఇప్పుడు ఆశ లేదు. ఏం చేస్తాడో తెలిసిపోయిన మనిషి చూపు అది. అది చూశాకే అతని కాళ్ళు కదిలాయి.

చెబితే మాస్టారు దూరమవుతారు. ఈ మేడ, ఈ పని, ఈ నమ్మకం పోతాయి. చెప్పినంత మాత్రాన ఆమె పదిహేనో తారీఖు ప్రయాణం ఆగదు. అన్నీ తెలిసే అతను వెళ్ళి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆ ఒక్క కంటికి తన ముఖం స్పష్టంగా కనబడేంత దగ్గరగా.

"ఫిల్టర్ తీయలేదు మాస్టారూ," అన్నాడు. "తీశానని అన్నాను, కానీ తీయలేదు. తను చూసింది, నన్ను కాచింది. ఆ సాయంత్రానికల్లా చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు చేసింది నేను. నేనే."